రాజమండ్రి నుంచి డల్లాసుకు ఎన్ని గంటలు?

కోనసీమ నుంచి ఒక రిటైర్డు లెక్కల మాస్టారు ఉత్తరం రాశారు. వారి అమ్మాయి అమెరికాలో, డల్లాసులో ఉంటోందట. మరో మూడు నెలల్లో పురుడు. పురుడు పోయడానికి భార్యాభర్తలిద్దరూ బయల్దేరుతున్నారు. మాస్టారికి 68 ఏళ్లు, షుగరు ఉంది, రాత్రిపూట ఇన్సులిన్ తీసుకుంటారు. ఆవిడకు 63, బి.పి., మోకాళ్ల నొప్పులు. ఇంతవరకూ ఇద్దరూ విమానం ఎక్కలేదు. ఆయన అడిగింది ఒకే ఒక్క వాక్యం. 'రాజమండ్రి నుంచి డల్లాసుకు విమానంలో దూరమెంత, ఎన్ని గంటలు పడుతుంది, అన్ని గంటలు కూర్చోవడానికి మా ఒళ్లు పనికొస్తుందా?'

మొదటి రెండు ప్రశ్నలూ టిక్కెట్లు అమ్మేవాళ్లని అడగవలసినవి గదా, నాకెందుకు రాశారనుకున్నాను. కాసేపు ఆలోచిస్తే, మూడోదానికి జవాబు మొదటి రెంటిలోనే ఉందనిపించింది. లెక్కల మాస్టారు గనుక లెక్కతోనే మొదలుపెడదాం. ఇలాంటి ప్రయాణం మన జిల్లాల్లో ఇప్పుడు ఇంటింటి వ్యవహారమైపోయింది గనుక మిగతా పాఠకులు కూడా పక్కన కూర్చుని వినండి.

రాజమండ్రి విమానాశ్రయం ఊళ్లో లేదు, మధురపూడిలో ఉంది. అక్కడినుంచి హైదరాబాదుకు గాలిలో సుమారు 360 కి.మీ., గంటా గంటంబావు ప్రయాణం. 2024 డిసెంబరులో ఢిల్లీకి కూడా నేరుగా విమానం మొదలైంది. అది దాదాపు 1,360 కి.మీ., రెండున్నర గంటల లోపు. హైదరాబాదు నుంచి దుబాయి 2,550 కి.మీ., నాలుగు గంటలు. దుబాయి నుంచి డల్లాసు 12,900 కి.మీ. పైచిలుకు, ఏకబిగిని 16 గంటలు. అంతా కలిపితే దగ్గర దగ్గర 15,800 కి.మీ. అట్లాసు కాక గ్లోబు దగ్గరుంటే ఒకసారి దారం పెట్టి చూడండి మాస్టారూ. రాజమండ్రి తూర్పు రేఖాంశం 82 దగ్గర, డల్లాసు పశ్చిమ రేఖాంశం 97 దగ్గర. రెండూ కలిపితే దాదాపు 180. అనగా భూమికి వాళ్లు అటు, మనం ఇటు. మీ దారం ఇంచుమించు ఉత్తర ధ్రువం మీదుగా పోతుంది. ఆ దారిన కొలిస్తే 14,450 కి.మీ. అవుతుంది గాని, అలా తిన్నగా తీసుకుపోయే విమానం మన మధురపూడిలో లేదు.

ఇది టిక్కెట్టు లెక్క. గాలిలో ఉండేది 21 గంటల చిల్లర. ఇప్పుడు మీ ఒంటి లెక్క చూడండి. మీ ఊరినుంచి మధురపూడికి కారులో రెండున్నర గంటలు. అక్కడ ముందుగా చేరుకుని కూర్చునేది రెండు గంటలు. హైదరాబాదుకు గంటంబావు. అక్కడ విదేశీ విమానం కోసం ఐదు గంటలు. దుబాయికి నాలుగు. దుబాయిలో మూడున్నర. డల్లాసుకు పదహారు. దిగాక పాస్‌పోర్టు వరుసలో, పెట్టెల దగ్గర రెండు. అల్లుడుగారి కారులో ఒక గంట. కూడండి. 37 గంటలు దాటింది. ఇందులో కారు సీట్లోను, విమానం సీట్లోను మోకాళ్లు ముడుచుకుని కూర్చునేవే 25 గంటలు. మిగిలిన పన్నెండు గంటలూ ఎయిర్‌పోర్టు కుర్చీల్లో కూర్చుంటారా, కాళ్లాడిస్తారా అన్నది మీ చేతిలో ఉంది. నేను చెప్పబోయేదంతా ఆ ఇరవై ఐదు, పన్నెండు గంటల గురించే.

మన కాళ్లలోకి దిగిన నెత్తురు మళ్లీ గుండెకు ఎక్కాలంటే కొండ ఎక్కినట్టే. కిందనుంచి పైకి తోసే పంపు ఒకటి కావాలి. ఆ పంపు మన పిక్కలు. నడిచినప్పుడల్లా పిక్క కండరం బిగిసి, లోపలి సిరల్ని పిండి, నెత్తుటిని పైకి పంపుతుంది. సిరల్లో ఉండే చిన్న చిన్న తలుపులు అది మళ్లీ కిందికి జారకుండా ఆపుతాయి. కదలకుండా కూర్చుంటే పంపు ఆగినట్టే. దానికితోడు సీటు అంచు తొడల కింద నొక్కుతూ ఉంటుంది. నీళ్లు తాగకపోతే నెత్తురు కాస్త చిక్కబడుతుంది. కాలవలో నీళ్లు పారినంతసేపు పాచి పట్టదు, లాకులు దించి నిలవగట్టారా పట్టేస్తుంది. సిరలో పట్టేది పాచి కాదు, నెత్తుటి గడ్డ. ఆ గడ్డ పిక్కలోనే ఉన్నంతవరకు వాపూ నొప్పీ. అందులోంచి ముక్క తెగి ఊపిరితిత్తుల్లోకి పోయిందా, ప్రాణం మీదికి వస్తుంది.

ఈ సంగతి విమానాల వల్ల బయటపడింది కాదు సుమా! 1940లో లండను మీద జర్మన్లు బాంబులు కురిపిస్తున్నప్పుడు జనం రాత్రుళ్లు నేలమాళిగల్లో, మడత కుర్చీల్లో కూర్చుని తెల్లవార్లూ గడిపేవారు. తెల్లారి లేచి నాలుగడుగులు వేసి కుప్పకూలిపోయినవారు ఉన్నారు. బాంబు పడలేదు, దెబ్బ తగల్లేదు. కీత్ సింప్సన్ అనే వైద్యుడు శవపరీక్షలు చేసి, కాళ్లలో కట్టిన గడ్డలు ఊపిరితిత్తులకు చేరడమే కారణమని రాశాడు. కుర్చీ ముందు కర్ర తొడల్ని నొక్కడం వల్లనే అన్నాడు. 1954లో అమెరికాలో హోమన్స్ అనే సర్జను, విమానాల్లోను కార్లలోను గంటల తరబడి కూర్చున్నవాళ్లకు కూడా ఇదే జబ్బు వస్తున్నదని రాశాడు.

దూరానికీ దీనికీ సంబంధం ఎంతో లెక్కగట్టినవారు ఫ్రాన్సు డాక్టర్లు. పారిస్‌లోని చార్లెస్ డి గాల్ విమానాశ్రయంలో 1993 నుంచి 2000 వరకు దిగిన పదమూడున్నర కోట్లమంది ప్రయాణికుల్లో, దిగుతూనే ఊపిరితిత్తుల్లో గడ్డతో ఆస్పత్రికి చేరినవారిని లెక్కపెట్టారు. మొత్తం 56 మంది. 5,000 కి.మీ. లోపు ప్రయాణించినవారిలో పదికోట్ల మందికి ఒకరు. 5,000 దాటినవారిలో పదిలక్షలకు ఒకటిన్నర. 10,000 దాటినవారిలో పదిలక్షలకు దాదాపు ఐదుగురు. చూశారా, దూరం రెట్టింపైతే ప్రమాదం మూడురెట్లయింది. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఇది ఎయిర్‌పోర్టులోనే పడిపోయినవారి లెక్క. ఇంటికెళ్లాక, వారానికో పదిరోజులకో కాలు వాచినవారు ఇందులో లేరు. వారిని కూడా కలుపుకుని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2007లో చెప్పిందేమంటే, నాలుగు గంటలు మించి కదలకుండా ప్రయాణం చేస్తే గడ్డకట్టే అవకాశం రెట్టింపవుతుంది, ఆరోగ్యవంతుల్లో సుమారు ఆరువేలమందిలో ఒకరికి రావచ్చు అని. విమానమే కానక్కరలేదు, బస్సు, కారు, రైలు ఏదైనా ఇంతే అన్నారు. వెంటవెంటనే రెండు మూడు ప్రయాణాలు చేస్తే ప్రమాదం ఇంకా పెరుగుతుందన్నారు.

ఆరువేలలో ఒకరంటే భయపడవలసినంత ఏమీ లేదు. మీ ఊరంతా విమానమెక్కినా ఒకరికో ఇద్దరికో. అయితే ఆ ఒకరు నా దగ్గరికి వచ్చిన రోజు నాకింకా గుర్తుంది. వచ్చినప్పుడు నేను గుర్తుపట్టలేదు గనుక మరీ గుర్తుంది.

నేను డెల్టాలో ఒక ప్రభుత్వాస్పత్రిలో పనిచేస్తున్న రోజులవి. నలభై ఏళ్ల మనిషి, కువైట్‌లో ఇంటిపనికి వెళ్లి రెండేళ్లకు తిరిగొచ్చింది. ఎడమకాలు వాచిందని వాళ్ల అన్న వెంటబెట్టుకుని ఓ.పి.కి తీసుకొచ్చాడు. ఆ వేళ నా బల్లముందు నూరుమందికి తక్కువ లేరు. మన డెల్టాలో కాలు వాపంటే ముందు గుర్తొచ్చేది బోదకాలే. తరతరాలుగా మన కాలవగట్ల మీద దోమలు మనకిచ్చిన ఆస్తి అది. దీనికోసమే కేంద్రప్రభుత్వంవారి శాఖ ఒకటి రాజమండ్రిలో ఉందంటే ఆలోచించండి. నేను కాలు చూశాను, 'జ్వరం వచ్చిందా' అన్నాను, 'కొంచెం వెచ్చబడిందండీ' అంది. ఫైలేరియా మాత్రలు రాసి పంపేశాను. ఇంటిదగ్గర పెద్దవాళ్లు నువ్వులనూనె వెచ్చజేసి రెండుపూటలా కాలు మర్దనా చేశారు. నాలుగోరోజు రాత్రి ఆయాసంతో, పెదాలు నల్లబడి, ఆటోలో తీసుకొచ్చారు.

అప్పుడు అడిగాను, 'అమ్మా, నువ్వు ఎప్పుడొచ్చావు, ఎలా వచ్చావు?' అని. కువైట్ ఎయిర్‌పోర్టులో సగంరోజు కూర్చుంది. హైదరాబాదుకు సుమారు 3,400 కి.మీ., ఐదు గంటలు. దిగినరోజే సాయంత్రం బస్సెక్కి రాత్రంతా సీట్లో కూర్చుని తెల్లారేసరికి ఊరు చేరింది. ఒడిలో సంచీ, కాళ్లకింద పెట్టె, కదలడానికి చోటు లేదు. పారిస్ డాక్టర్ల లెక్కలో ఆమె 5,000 కి.మీ. లోపు మనిషి, ప్రమాదం ఇంచుమించు సున్న. కాని ఆమె కాళ్లు వేసిన లెక్క వేరు. అవి కూర్చున్న గంటలన్నీ కలుపుకున్నాయి. పెద్దాస్పత్రికి పంపాం. స్కానింగులో తొడదాకా గడ్డ. గడ్డకట్టకుండా చేసే ఇంజక్షన్లు, ఆ తర్వాత ఆర్నెల్లు మాత్రలు వాడారు. బతికింది. కొన్నేళ్ల తర్వాత సంతలో కనిపించి దండం పెట్టింది. ఆ దండం తీసుకోవడానికి నాకు సిగ్గేసింది. ఆనాటినుంచి ఒంటికాలు వాపుతో ఎవరొచ్చినా నా మొదటి ప్రశ్న 'ఈమధ్య ఎక్కడికైనా వెళ్లొచ్చారా?' అనే.

బోదకాలు ఏళ్లమీద పెరిగే వాపు. మధ్య మధ్య చలిజ్వరం, గజ్జల్లో బిళ్లలు, జ్వరం తగ్గితే వాపు కొంత తగ్గడం ఉంటాయి. గడ్డ వల్ల వచ్చే వాపు గంటల్లో, రోజుల్లో వస్తుంది. ఎక్కువగా ఒక్క కాలికే. పిక్క పట్టుకుంటే నొప్పి, చెయ్యి వేస్తే వెచ్చగా ఉంటుంది. ఇంట్లో కూర్చుని ఇది అదేనని మీరు తేల్చుకోమని చెప్పడం లేదు. డాక్టర్లమే పొరపడుతున్నాం గదా. ప్రయాణమైన రెండు నెలల లోపు ఒంటికాలు వాచిందంటే నూనె పెట్టి రుద్దకండి, కాపడం పెట్టకండి, అదేరోజు డాక్టరును కలిసి 'ఫలానా తారీకున ఇన్ని గంటలు ప్రయాణం చేశాను' అని ఆ ఒక్కముక్క మీరే ముందు చెప్పండి. డాప్లర్ స్కానింగులో తేలిపోతుంది. ఆయాసం, గాలి పీల్చితే గుండెలో పోటు, దగ్గితే నెత్తురు కనబడటం, ఉన్నట్టుండి స్పృహ తప్పడం, వీటిలో ఏది వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు. ఇక్కడైతే 108కి, అమెరికాలో అయితే 911కి ఫోను చెయ్యాలి. విదేశంలో ఆస్పత్రి ఖర్చుకు జడిసి అమ్మాయికి చెప్పకుండా దాచిపెట్టే తల్లిదండ్రుల్ని నేనెరుగుదును. ప్రయాణ బీమా తీసుకునేది ఇందుకే, ముందున్న జబ్బులకు కూడా వర్తిస్తుందో లేదో చదివి తీసుకోండి.

ఇక మీ ఆవిడ సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి పరిశీలనలోనే ఇంకో విశేషం బయటపడింది. విమానంలో గడ్డకట్టే ప్రమాదం బాగా పొడుగువాళ్లకు, అనగా 190 సెంటీమీటర్లు దాటినవాళ్లకు ఎక్కువ. వాళ్లు కాళ్లు చాపుకోలేరు. 160 సెంటీమీటర్లకు, అనగా 5 అడుగుల 3 అంగుళాలకు లోపువాళ్లకు కూడా ఎక్కువే. వాళ్ల పాదాలు నేలకు ఆనవు, సీటు అంచు తొడల వెనకను నొక్కేస్తుంది. మన ఇళ్లలో అమ్మలూ అమ్మమ్మలూ ఎంతమంది 5 అడుగుల 3 అంగుళాలు ఉంటారు చెప్పండి? ఆ సీట్లు మనవాళ్ల కొలతలకు చేసినవి కావు. మందు చాలా చవకైంది. చేతిసంచీని ముందు సీటు కింద నిలువుగా పెట్టుకుని దానిమీద పాదాలు ఆనించుకోవాలి. తొడకింద వేలు దూరేంత సందు ఉండాలి.

మన ఆడవాళ్లు చేసే రెండో పొరపాటు నీళ్లు మానెయ్యడం. 'మరుగుదొడ్డి తలుపు ఎలా తీయాలో తెలీదు, లోపల ఇరుక్కుపోతానేమో, పక్కసీటాయన్ని లేపాలి' అని ఆలోచించి దుబాయిలో రెండు గుక్కలు తాగి డల్లాసుదాకా గొంతు తడుపుకోని తల్లులున్నారు. విమానంలో గాలి మన వేసవి వడగాలికన్నా పొడిగా ఉంటుంది. ఒంట్లో నీరు తెలియకుండానే పోతుంది. నీరసం, తలనొప్పి, మలబద్ధకం, మూత్రంలో మంట, దిగాక కళ్లు తిరగడం, ఇవన్నీ ఈ బిడియం పుణ్యమే. కాబట్టి మాస్టారూ, నడవపక్క సీటు ఆవిడకివ్వండి, కిటికీ సరదా మీరు తీర్చుకోండి. విమానం కదలకముందే ఆవిణ్ణి తీసుకెళ్లి ఆ తలుపు ఎలా తెరుచుకుంటుందో, గొళ్లెం ఎలా పడుతుందో చూపించండి. మధ్యకు నొక్కితే లోపలికి మడుచుకునే తలుపులు కూడా ఉంటాయి. మెలకువగా ఉన్నంతసేపు గంట గంటన్నరకొక గ్లాసు నీళ్లు తాగాలి. గుండెజబ్బుకో మూత్రపిండాల జబ్బుకో నీళ్లు తగ్గించమని డాక్టరు చెప్పినవాళ్లు మాత్రం ఆ కొలత దాటకూడదు. నీళ్లకోసం లేచిన మనిషి ఎలాగూ నడుస్తుంది, ఒక దెబ్బకు రెండు పిట్టలు.

కూర్చున్నచోట చేయవలసింది మీ ఆవిడకు నేను నేర్పక్కరలేదు. కుట్టుమిషను తొక్కినట్టు తొక్కడమే. మడమ లేపి వేళ్లు ఆనించడం, వేళ్లు లేపి మడమ ఆనించడం. గంటకోసారి ముప్ఫైసార్లు. పిక్క గట్టిపడి వదులవుతున్నట్టు చేతికి తెలియాలి, ఊరికే పాదం ఆడిస్తే చాలదు. రెండు గంటలకోసారి లేచి, విమానం వెనకదాకా వెళ్లి నాలుగు నిమిషాలు నిలబడి రావాలి. కాలుమీద కాలు వేసుకోవద్దు. చీరకుచ్చెళ్ల బొందుగాని, మేజోళ్ల రబ్బరుగాని ఒంట్లో దిగబడేటంత బిగించొద్దు. నిద్రమాత్ర వేసుకుని పడుకోవద్దు. మామూలు నిద్రలో అటూ ఇటూ కదులుతాం, మాత్ర నిద్రలో కట్టెలా పడివుంటాం. ఉచితంగా పోస్తారు గదాని మందు పుచ్చుకునేవారికీ ఇదే మాట.

చక్రాల కుర్చీ గురించి నా అభిప్రాయం చెబుతాను, కొందరికి కోపం రావచ్చు. అమెరికా వెళ్లే పెద్దవాళ్లకు పిల్లలు చక్రాల కుర్చీ రాయించేస్తున్నారు. భాష రాదు, దారి తప్పుతారని వాళ్ల భయం, అది సబబే. అయితే ఈ ప్రయాణం మొత్తానికి కాళ్లాడించే అవకాశం దొరికేది ఆ ఎయిర్‌పోర్టుల్లోనే. అక్కడ కూడా కుర్చీలో కూర్చోబెట్టి తీసుకెళ్లి, ఇంకో కుర్చీలో దింపి, మళ్లీ విమానం సీట్లో కూర్చోబెడితే ఇందాక లెక్కగట్టిన ఇరవై ఐదు కాస్తా ముప్ఫై ఏడు అవుతుంది. కుర్చీ రాయించుకోండి, మనిషి తోడుంటాడు. కాని దుబాయిలో గేటు దగ్గర దింపాక ఆ మూడున్నర గంటల్లో మీరిద్దరూ పావుగంట చొప్పున నాలుగుసార్లు నడవండి. మోకాళ్ల నొప్పులు నిదానంగా నడిస్తే పెరగవు, కదలకుండా కూర్చుంటేనే బిగుసుకుపోతాయి.

'గడ్డకట్టకుండా ముందుగా ఆస్పిరిన్ బిళ్ల వేసుకోమన్నారు' అని చాలామంది అడుగుతుంటారు. గుండెకోసం రోజూ వేసుకునేవారు మానవద్దు. ప్రయాణం కోసమని కొత్తగా మొదలుపెట్టవద్దు, సిరల్లో గడ్డకు అది చాలదు, కడుపులో పుండుంటే నెత్తురు కక్కిస్తుంది. ఇంతకుముందు గడ్డకట్టినవారు, కాన్సరుకు వైద్యం జరుగుతున్నవారు, నెలరోజుల్లో మోకీలో తుంటో ఆపరేషను అయినవారు, గర్భిణులు, బాలింతలు, గర్భం రాకుండా మాత్రలు వాడే ఆడవాళ్లు, బాగా లావుగా ఉన్నవారు మాత్రం డాక్టరుతో మాట్లాడి, మోకాలిదాకా వచ్చే బిగుతు మేజోళ్లు కొలతకు సరిపడా కొనుక్కోవాలి. కొందరికి ఇంజక్షను కూడా అవసరం కావచ్చు. కాళ్లకు నెత్తురు తెచ్చే ధమనులు మూసుకుపోయినవారు, పాదాల్లో స్పర్శ పోయిన షుగరువాళ్లు డాక్టరును అడక్కుండా మేజోళ్లు తొడగకూడదు. పుళ్లు పడతాయి.

గాలి సంగతి కూడా ఒక ముక్క. విమానం ముప్ఫై అయిదువేల అడుగుల ఎత్తున పోతున్నా, లోపలి గాలి ఆరేడు వేలు, మహా అయితే ఎనిమిదివేల అడుగుల ఎత్తున ఉన్నట్టు ఉంచుతారు. ఊటీలో గాలి పీల్చినట్టన్నమాట. మామూలు మనిషికి తెలియను కూడా తెలియదు. యాభై గజాలు నడిస్తే ఆయాసపడేవారికి, హీమోగ్లోబిన్ 8 లోపు ఉన్నవారికి, పదిరోజుల లోపు గుండెపోటు వచ్చినవారికి తెలుస్తుంది. వీళ్లు డాక్టరు రాసిస్తే తప్ప ఎక్కకూడదు. ఎత్తుకు పోయినకొద్దీ ఒంట్లో గాలి ఉబ్బుతుంది గనుక కడుపు ఆపరేషను కొత్తగా అయినవారు, కంటిపొర ఆపరేషనులో కంట్లోకి గ్యాసు ఎక్కించుకున్నవారు కూడా ఆగాలి. మామూలు శుక్లం ఆపరేషనుకు ఈ భయం లేదు.

మాస్టారి షుగరు దగ్గరికి వస్తాను. డల్లాసు గడియారం మనకన్నా వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక. పడమటికి పోతున్నారు గనుక మీ రోజు సాగుతుంది. ఒక రోజులో నాలుగు భోజనాలు వస్తాయి, రాత్రి ఎంతకీ రాదు. మీ చేతిగడియారం మార్చకండి. ఇల్లు చేరేదాకా అమలాపురం టైమే మీ టైము. బి.పి. మాత్ర, షుగరు మాత్ర, రాత్రి ఇన్సులిన్ అన్నీ ఆ టైముకే. దిగాక అక్కడి రాత్రికి ఎలా జరుపుకోవాలో, మధ్యలో మోతాదు ఎంత తగ్గించాలో మీ డాక్టరుచేత బయల్దేరకముందే కాగితం మీద రాయించుకోండి, ఇది మనిషికీ మనిషికీ మారుతుంది, నేనిక్కడ అంకె రాయడం తప్పు. భోజనానికి ముందు ఇన్సులిన్ తీసుకునే పాఠకులు మాత్రం పళ్లెం ఎదుట పెట్టాకనే పొడుచుకోండి. వాసన వచ్చింది గదాని ముందే తీసుకుంటే, ఈలోగా విమానం కుదుపుల్లో పడి వడ్డన గంటసేపు ఆపేశారంటే చెమటలు పట్టి పడిపోతారు. దీనికి విరుగుడుగా గ్లూకోజు పొడో, పంచదార బిళ్లలో జేబులో ఉండాలి. అమ్మాయికోసం తీసుకెళ్లే తాపేశ్వరం కాజా ఉంది గదా అనుకోవద్దు. నూనెలో వేగినది గనుక అందులో తీపి నెత్తుటికెక్కడానికి ఆలస్యమవుతుంది. కాజా అమ్మాయికే వదిలెయ్యండి.

ఇన్సులినూ మందులూ పెద్దపెట్టెలో పెట్టొద్దు. కింద సామాన్ల గదిలో గడ్డకట్టి ఇన్సులిన్ పాడవచ్చు, పెట్టె తప్పిపోతే అసలుకే మోసం. ఉండేన్నాళ్లకూ సరిపడా కొని, చేతిసంచీలో, అమ్మిన సీసాలతో పెట్టెలతో సహా, మందుల అసలు పేర్లు రాసిన చీటీతో పట్టుకెళ్లండి. బ్రాండు పేర్లు అక్కడివాళ్లకు తెలియవు.

తిరుగు ప్రయాణంలోనూ ఇదే వరస. హైదరాబాదులో దిగి, ఆరోజే రాత్రి బస్సులో కూర్చుని వచ్చేకంటె ఒకరాత్రి అక్కడ కాళ్లు చాపి పడుకుని, మర్నాడు మధురపూడి విమానమో, గౌతమిలో బెర్తో చూసుకోండి. ఆ కువైట్ అమ్మాయికి ఈ మాట చెప్పినవాళ్లు లేకపోయారు.

మీ ఒళ్లు పనికొస్తుందా అన్నారు. ఉత్తరంలో రాసిన జబ్బులు రెండూ అదుపులో ఉంటే ప్రయాణానికి అడ్డేమీ కనపడదు. అయితే మీరు మీ షుగరు అంకె రాయలేదు, ఆవిడ బి.పి. రాయలేదు, హీమోగ్లోబిన్ ఎప్పుడు చూపించారో రాయలేదు. ఇద్దరూ వెళ్లి పరీక్షలు చేయించుకుని మీ డాక్టరుకు కనిపించండి. బట్టలు సర్దుకునే రోజున కాదు, కనీసం నెలరోజుల ముందు.